ఉప్పు తినని కియాలా

ఎవరూ, మా తమ్ముడు కియాలా గురించా అడుగుతున్నావు? కూర్చో మరి. ఆ కుర్చీ కాదు, దాని కాలు విరిగింది. వాడు పెద్ద చదువు చదివాడమ్మాయ్. లిస్బన్ దాకా పోయి, మన కాంగో రాజుల కాలంలో పోర్చుగీసు పాదిరీలు ఓడ దిగినప్పుడు మనవాళ్ళు ఏం నమ్మారు, ఏం నమ్మలేదు అని తవ్వితీసి లావుపాటి పుస్తకం రాశాడు. తీరా చూస్తే పుస్తకమంతా ఉప్పే! అప్పట్లో మనవాళ్ళు జ్ఞానస్నానం అనేవాళ్ళు కాదు, 'ఉప్పు తిన్నాడు' అనేవాళ్ళు. పాదిరీ నాలుక మీద చిటికెడు ఉప్పు వేస్తేనే క్రైస్తవుడు. నీళ్ళదేముంది, వానొస్తే మేకలూ తడుస్తాయి! పాపం ఆ పాదిరీలు 'ఉప్పు కాదర్రా, నీళ్ళే ముఖ్యం' అని నెత్తీనోరూ కొట్టుకున్నారట. వింటేగా!

మరి ఇంత రాసినవాడు ఉప్పు తిన్నాడా? లేదు. మా నాన్న ప్రొటెస్టెంట్ మిషన్ బడి పంతులు, వాళ్ళలో ఉప్పు లేదు. మా ఇద్దర్నీ ఏట్లో ముంచి లేపారు, అంతే. నేనంటే ఈ కాథలిక్కుల ఇంటికి కోడలిగా వచ్చాక తిన్నాను, మా అత్త ఊరుకుంటుందా? వాడు మాత్రం... ఒకసారి ఏదో పల్లెలో రాజుల నాటి ఇత్తడి సిలువ ఉందంటే చూడబోయాడు. దాన్ని కాచుకునే మఫుతా తాత గుమ్మంలోనే ఆపాడు. 'ఉప్పు తిన్నావా నాయనా?' 'లేదు తాతా, కానీ దాని మీద పుస్తకం రాశాను.' 'ఓహో! వంట గురించి రాస్తే కడుపు నిండుతుందా? పోయి తినిరా.' తినొచ్చుగా, చిటికెడేగా! 'నమ్మకుండా తింటే దొంగతనం అక్కా' అంటాడు. సిలువ చూడకుండానే తిరిగొచ్చాడు, మొండిఘటం.

ఆఖర్న మంచాన పడ్డాడు. రక్తపోటని డాక్టరు ఉప్పు మాన్పించాడు, చూడు వాడి ఖర్మ! ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, 'అక్కా, ఇప్పుడు తినాలనుంది, దొంగతనంగా కాదు' అన్నాడు. పరుగున పోయి మన కుర్ర పాదిరీని తీసుకొచ్చాను. ఆయన నవ్వి, 'ఉప్పు పాతకాలపు ముచ్చటమ్మా, ఏట్లో మునిగాడుగా, నీళ్ళే ముఖ్యం' అన్నాడు. మావాడు దగ్గొచ్చేదాకా నవ్వాడు. 'నాలుగొందల ఏళ్ళుగా ఇదే జవాబు అక్కా!'

పాదిరీ వెళ్ళాక నేనే వంటింట్లోకి పోయి, చిటికెడు తెచ్చి వాడి నాలుక మీద వేశాను. నాకెవరిచ్చారంటావా ఆ అధికారం? ఎవరూ ఇవ్వలేదు. వాడు పోయింది దానివల్లేనని మరదలు ఇప్పటికీ నాతో మాట్లాడదు. మానెయ్యనీ. ఉప్పు తగలగానే వాడు కళ్ళు మూసుకుని చప్పరించాడు. 'ఎలా ఉందిరా?' అన్నాను. అంత చదివినవాడు కదా, ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నా.

'ఉప్పగా ఉందక్కా' అన్నాడు, చంటిపిల్లాడిలా.

...ఊఁ. ఆ పొయ్యి మీద చేపలు తిప్పమ్మాయ్, మాడుతున్నాయి.