సామ్రాజ్యం మొహాన మంగు

సామ్రాజ్యం ఉందనుకో, ఏడుకొండలు పెళ్ళాం. రెండో కాన్పు కాడ్నించీ రెండు బుగ్గలమీదా మంగు దానికి. ఉంటే ఏం? నాకూ ఉంది. నా బుగ్గ చూసి మీరెవరన్నా అన్నం మానేశారా? ఏమైందంటే, కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. ఊరి మొగదల ఫ్లెక్సీ కట్టాల గదా, ఇప్పుడది లేకపోతే ఫంక్షనే కాదాయె. ఏడుకొండలు ఏమన్నాడంటే, పిల్లా నేనూ ఉంటాం, నీ మంగుమొహం వేస్తే నలుగురిలో నాకు నామోషీ అన్నాడంట. కన్నది అది, నామోషీ వీడికి! సామ్రాజ్యానికి కడుపు మండిపోయింది. నా కూతురి పక్కన నేను లేకుండా ఫ్లెక్సీ ఎట్టా లేస్తదో చూస్తానని, తోడికోడలు ఆదిలక్ష్మిని వెంటబెట్టుకుని టౌన్లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఆదిలక్ష్మికీ మంగే.

డాక్టరమ్మ చెప్పిందంట, రెండు దార్లున్నాయమ్మా, ఒకటి పీలింగు, మందు పూస్తే పైతోలు పొరలు పొరలుగా లేచిపోద్ది, రెండోది లేజరు, లైటు కొడితే లోపలి నలుపు చెదిరిపోద్ది. ఏది చేసినా మళ్ళీ రాదని మాటివ్వను, ఎండ తగిలితే ఉన్నదానికన్నా ఎక్కువొద్ది, నెల్రోజులు నీడపట్టున ఉండాల అంది. తోడికోడళ్ళు గదా, ఒకతి చేయించుకున్నదే ఇంకోతి చేయించుకుంటే పరువేం గాను! సామ్రాజ్యం పీలింగంది, ఆదిలక్ష్మి లేజరంది, చేయించుకొచ్చారు. ఇంక ఊళ్ళో ఆడాళ్ళంతా రెండు మొహాలూ పక్కపక్కన పెట్టి చూట్టమే, ఇది తేలిందంటే కాదు అది తేలిందని.

అప్పుడే మిరపకాయలు కల్లంలో పోశారు. తిరగెయ్యకపోతే బూజు పడతయ్యి. నీడపట్టున ఉండమందయ్యా డాక్టరమ్మ అంటే, మరి కల్లం నీ బాబొచ్చి చూస్తాడా అన్నాడంట ఏడుకొండలు. నువ్వు తిరగెయ్యటానికి నీకేమొచ్చిందిరా అని వాణ్ణి అడిగినోళ్ళు లేరు. సామ్రాజ్యం ఏంచేసిందీ, ఎండ తగలకూడదు గదా అని తువ్వాల మొహానికి బిగించి కట్టుకుంది. ఏ తువ్వాల? రోజూ కాయ కోసేప్పుడు చుట్టుకునేదే! ఘాటంతా దాన్లోనే ఉంది. లేతతోలు, చెమట, మిరప ఘాటు. కేకలు పెడతా బోరింగు కాడికి పరిగెత్తింది. బొబ్బలెక్కి మానేసరికి, పాత మంగే నయమనిపించేట్టు నల్లగా మాడింది మొహం. ఆదిలక్ష్మీ ఎండలోనే తిరిగింది, దాని మంగు దాని చోటికి వచ్చింది. ఒకళ్ళనొకళ్ళు దెప్పుకోటానిక్కూడా ఏం మిగల్లా.

ఫ్లెక్సీలో మటుకు సామ్రాజ్యం ఉంది. అమ్మ లేకపోతే నేనూ ఉండనని కూతురు భీష్మించుకుంటే, ఫ్లెక్సీ వేసేవాడు పాత ఫోటో తీసుకుని, కంప్యూటర్లో చిటికెలో తెల్లగా చేసిచ్చాడంట. ఎవరీవిడ, ఏడుకొండలు మళ్ళీ చేసుకున్నాడా అన్నారు చుట్టాలు. ఫంక్షనయ్యాక, మంచు పడుద్దని ఆ ఫ్లెక్సీనే తెచ్చి మిరపకాయల మీద కప్పాడు ఏడుకొండలు. పొద్దున్నే సామ్రాజ్యం పోయి, తన తెల్లమొహాన్ని తనే మడిచి పక్కన పెట్టి, ఎండలో కాయ తిరగేస్తంది.

పీలింగు మంచిదా లేజరు మంచిదా అని నన్నడుగుతారేంటే? రెండూ మంచియ్యే, నీడపట్టున కూర్చునేదానికి. అట్టాంటిది మన్లో ఎవతుందో చూపించండి, రెండూ చేయిద్దాం.