కుప్పకో చీటీ

తెల్లవారేసరికి ఆదోని మీద మబ్బు విడిచింది. ఇంటర్నెట్ చిరునామాల పేర్లు చూసుకునే సంస్థలో పీఆర్ మేనేజరైన శరణ్య తన ప్రసంగాన్ని, పత్తి యార్డులో వేలం పాడే నాయన ముందు చదివింది.

"అర్థమయిందా నాయనా?"

"నిద్రొచ్చింది పాపా."

"పదకొండుకి విలేకరులొస్తారు. ఈసారీ వాళ్లకు అర్థం కాకుంటే నా పని ఇంకొకరికి ఇస్తామని మా ఆఫీసులో అన్నారు."

"కాగితం పక్కనపెట్టి, నీ పనేందో సెప్పు."

"ఒకే పేరు ఇద్దరికి పోకుండా సూస్తాం."

"మా యార్డులో కుప్పకో చీటీ పెట్టినట్లా?"

"అట్లనే."

"ఒకే నంబరు రెండు కుప్పల మీద పెట్టి సూడు, రైతులు కొట్టుకు సస్తారు. ఇదే సెప్పు పో."

"నువ్వే రా నాయనా, మేనేజరుగా."

"నాకు యార్డులో యాలం ఉండాది."

ఆమె నవ్వుతూ ఆ కుప్పల మాట ఫోనులో రాసుకుంది. తర్వాత ఇద్దరూ జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి వేసుకుని తిన్నారు.