మోటార్ల వరప్రసాదరావు కంప్యూటరు

ఏంట్రా దిలీపూ, పవర్ సేవింగ్ పెడితే ప్రాసెసర్ పాడవుద్దేమోనని చూస్తున్నావా? ఈ మాట మా వరప్రసాదరావు వినాల్సింది, నిన్ను కూర్చోబెట్టి అన్నం వేళ దాకా వాయించేవాడు. నీకు తెలీదులే, పోయి చాన్నాళ్లయింది. నందిగామలో మోటార్లు వైండింగ్ చేసేవాడు. ఎండాకాలం వోల్టేజీ పడిపోయిందంటే పొలాల్లో మోటార్లు కాలిపోయి ఈయన కొట్టు ముందు వరస కట్టేవి. మనిషి మంచోడే గానీ నోరు, అబ్బో! టీ చల్లారిందని హోటలాయనతో కూడా పేచీయే. సరే, ఏం చెప్తున్నా? ఆఁ, చూపు ఆనక వైండింగ్ మానేసి, జగ్గయ్యపేట వచ్చి పెళ్లికార్డుల డీటీపీ షాపు పెట్టాడు. కూతురు రాజ్యశ్రీ కంప్యూటర్లు చదివింది, పనంతా ఆ పిల్లదే. "నా తర్వాత షాపు దానిదేరా" అని కనపడ్డవాడికల్లా చెప్పేవాడు.

పేచీ ఈ సెట్టింగు దగ్గరే వచ్చింది. పని లేనప్పుడు ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించుకుంటుందని ఆ పిల్ల ఓసారి నోరు జారింది. ఇంకేముంది! "లో వోల్టేజీలో నడిస్తే కాలదా? ఎన్ని మోటార్లు విప్పాను నేను!" అని తీసేయించాడు. "నాన్నా, ఇందులో కాయిల్ లేదు. వోల్టేజీతో పాటు స్పీడూ తగ్గించుకుంటుంది. దాన్ని అట్టా నడవడానికే చేశారు, ఏం కాదు" అని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా వింటేనా? మంచి ముహూర్తాల రోజుల్లో, వత్సవాయి వాళ్ల కార్డు సగంలో ఉండగా కంప్యూటరు టప్పున ఆగిపోయింది. పెళ్లివారి ముందే, "నేను తీసేయిస్తే మళ్లీ పెట్టి కాల్చేశావు గదే! నీ చేతిలో షాపు పెడితే ఇంతే" అని అరిచాడు. ఆ పిల్ల చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

రిపేర్లు చేసే జాకీర్ వచ్చి విప్పితే ఏముంది, ఫ్యాను నిండా సిమెంటు లారీల దుమ్ము! వేడెక్కి దానంతటదే ఆగింది. ఊది, తుడిచి పెడితే నడిచింది. "ఏదీ కాలలేదండీ. పవర్ సేవింగ్ ఆఫ్‌లోనే ఉంది, ఎవరూ ముట్టుకోలా" అన్నాడు. నేనక్కడే ఉన్నా. మా వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "వెళ్లి పిల్లకి చెప్పరా" అన్నా. "చెప్తాలే" అన్నాడు. ఆ చెప్తాలే అట్టాగే ఉండిపోయింది. ఆ పిల్ల విజయవాడలో ఉద్యోగం చూసుకుంది. ఇంటికొస్తే బస్సు దొరికిందా అంటాడు, అన్నం తిన్నావా అంటాడు, ఆ మాట మాత్రం రాదు. జాకీర్ చేత సెట్టింగు పెట్టించాడు గానీ. ఫ్యాను చప్పుడు తగ్గినప్పుడు ఎవరన్నా "ఆగిపోయిందా ఏందండీ?" అంటే, "ఆగలా. పని లేదుగా, నెమ్మదించింది. మా అమ్మాయి పెట్టమంది" అనేవాడు. ఊరందరికీ చెప్పాడురా, ఆ పిల్లకి తప్ప.

వాడి దినానికి వచ్చినప్పుడు అడిగింది, "నేనే కాల్చాననుకునే పోయాడా బాబాయ్?" అని. షాపుకి తీసుకెళ్లి కంప్యూటరు ఆన్ చేసిచ్చా. పవర్ సేవింగ్ ఆన్‌లో ఉండటం చూసుకుంది. మౌసు మీంచి చెయ్యి తీసేసి, అట్టా కూర్చుంది. కాసేపటికి ఫ్యాను నెమ్మదించింది. ఆ పిల్ల లేవదే...

నువ్వు పెట్టుకోరా, ఏం కాదు. దుమ్ము తుడుస్తున్నావా లేదా?