వంశవృక్షంలో ఖాళీ సున్న

బర్గండీ కొండల్లో ఒక మఠం. ఈస్టర్ వెళ్లిన వారం, మధ్యాహ్న భోజనానికి ముందు. రాతబల్ల దగ్గర ఒడ్రిక్ స్వామి, ఎదురుగా కోట పెద్ద దొరసాని హెర్సెండ్.

"అలా గొణక్కండి ఒడ్రిక్ స్వామీ. అయిందా, కాలేదా?"

"అయినట్టే దొరసానీ."

"అయినట్టే అంటే?"

"అంటే... అయిందనుకుంటే అయినట్టే."

"ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాలూ ఈ తోలుకాగితం మీదే బోర్లాపడి ఉన్నారట కదా. గురువారం బిషప్ గారు వస్తున్నారు. నా కొడుకు అన్సోకీ ఆ మబీల్‌కీ పెళ్లి చెల్లదని తేలాలి. చుట్టరికం ఒక్కటి దొరికితే చాలన్నాను. దొరికిందా?"

"చుట్టరికానికేం దొరసానీ, వెతకాలేగానీ ఈ దేశంలో మా మఠం గాడిదకీ నాకూ కూడా దొరుకుతుంది. ఉండండి, తలుపేసొస్తాను. ఈ పొద్దున ఈ తలుపు వెయ్యడం ఇది రెండోసారి."

"మొదటిసారి ఎవరొచ్చారు?"

"చలి దొరసానీ, చలి. కూర్చోండి. అసలు ఆ పిల్ల చేసిన తప్పేంటి?"

"తప్పేం చెయ్యలేదు. అదే దాని తప్పు. ఏదైనా చేసుంటే ఇంత తోలు ఎందుకు ఖర్చు? పక్కన మార్సీ కోట వితంతువు ఉంది. అడవుంది, రెండు నీటిమరలున్నాయి, వెనకాల అన్నదమ్ములెవరూ లేరు. అన్సో ఖాళీగా ఉంటే అవన్నీ మా ఇంటికే కదా."

"అన్సో బాబుకి చెప్పారా?"

"వాణ్ణి వేటకి పంపాను. శుక్రవారం చెబుతా."

"ఆయనకి భార్యంటే ఇష్టమనుకుంటా."

"వాడికి వేటకుక్కలన్నా ఇష్టమే. ఇంకో సంగతి చెప్పనా? అది నా ఆవముద్ద దొంగిలించింది."

"ఏంటీ?"

"మొన్న పందిమాంసంలోకి తను నూరిన ఆవముద్ద వడ్డించింది. నోట్లో పెట్టుకున్నాను కదా, నాదే! పచ్చిద్రాక్ష పులుసు అంతే, మాడిన రొట్టెపొడి అంతే, ఉప్పు రాయి కూడా ఎక్కువా తక్కువా లేదు. నేను తలుపేసుకుని నూరతాను స్వామీ. వంటమనిషిని కూడా రానివ్వను."

"ఎందుకు రానివ్వరు?"

"మీకెందుకు? తలుపు సందులోంచి చూసి నేర్చుంటుంది, మాయలాడి. సరే, కాగితం విప్పండి."

"ఇదుగో. పైన పెద్ద సున్నలో ఎర్రగడ్డం బొసోన్. కాలం చేసిన మీ ఆయన రోత్రూ దొరగారి వంశానికి మూలపురుషుడు."

"గుర్రం మీద ఆల్ప్స్ దాటిన మనిషి."

"దాటాడంటారు. గుర్రం దాటిందో లేదో తెలీదు. ఇక చెయ్యి చాపండి, లెక్క చెబుతాను. తల దగ్గర బొసోన్. ఆయన కొడుకు భుజం, మనవడు మోచెయ్యి, రోత్రూ దొరగారు మణికట్టు, అన్సో బాబు వేలి మొదటి కణుపు. రెండో కణుపు, మూడో కణుపు, చివర గోరు. ఆ గోరు ఏడో తరం. గోటి లోపల ఎక్కడ కలిసినా చుట్టాలే, పెళ్లి చెల్లదు."

"నాకు లెక్కలొచ్చు. ఇటు మబీల్ సంగతి చెప్పండి."

"మబీల్‌కి తల్లి ఉంది, అమ్మమ్మ ఉంది, ఆపైన అమ్మమ్మ తల్లి సున్న ఖాళీగా ఉంది. ఆవిణ్ణి కన్నది ఎవరో రాసినవాళ్లు లేరు."

"అందుకే కదా చెప్పాను! ఆ ఖాళీ సున్నకి పైన ఒక గీత గీసి బొసోన్‌కి తగిలించండి. ఆవిడ బొసోన్ కూతురు. దొంగచాటు కూతురు."

"కూతురేనా?"

"కాదని చెప్పేవాళ్లు బతికి లేరు. నలుగురు ముసలాళ్లని ప్రమాణం చెయ్యడానికి తయారుచేశాను. వారం రోజులుగా సారా పోసి మరీ నేర్పిస్తున్నా. గోదెఫ్రా ముసలాడొక్కడే బొసోన్ కూతురు అనమంటే బైబిల్లో ఫరో రాజు కూతురు అంటున్నాడు. గురువారానికి కుదురుకుంటాడు."

"గీత గీయడం కష్టం కాదు దొరసానీ. గీశాక చూడ్డమే కష్టం."

"ఏం చూడ్డం?"

"ఇరవయ్యారేళ్ల కిందట మీరు కొత్తకోడలుగా వచ్చినప్పుడు నాచేతే ఒక గీత గీయించారు. గుర్తుందా?"

"ఏ గీత?"

"మీ పుట్టింటి గీత."

"ఓ... అదా. అదేదో చిన్నతనంలో..."

"మా వంశం మాత్రం తక్కువ తిందా, మేమూ బొసోన్ సంతతివాళ్లమే అన్నారు. మీ అత్తగారు ఊరికే సూటిపోటి మాటలంటున్నారని ఏడ్చారు. పిల్లముండ ఏడుస్తోంది కదా అని గీశాను. ఇదుగో చూడండి, మణికట్టు దగ్గర రోత్రూ దొరగారు. ఇదిగో మొదటి కణుపు దగ్గర మీరు."

"అయితే?"

"లెక్కలొచ్చన్నారుగా."

"...అయ్యో."

"ఆ."

"నేనూ ఆయనా గోటి లోపలే."

"చాలా లోపల. మబీల్ పెళ్లి చెల్లదని చదవడానికి బిషప్ గారు ఈ కాగితం పరుస్తారు. ముందు మీ పెళ్లి చెల్లదని చదువుతారు. మీ పెళ్లి చెల్లకపోతే అన్సో బాబు..."

"అనకండి!"

"నేననను. మీ మరిది ఈవో దొరగారు అంటారు. గురువారం ముందు వరసలో కూర్చునేది ఆయనే. కోట మీద ఆయనకి ఎప్పటినుంచి కన్నుందో మీకు తెలుసు. చదువు రాదుగానీ వేళ్లు మాత్రం లెక్కపెట్టగలరు."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేట్టుందే! గీకెయ్యండి. కత్తి తీసి నా గీత గీకెయ్యండి."

"గీకేస్తాను. మరి బంగారు రంగు వేయించి బిషప్ గారికి మీరు కానుకగా పంపిన రెండో ప్రతి?"

"...అదొకటి తగలడింది కదూ."

"ఆయన మంచం పక్కనే గోడకి వేలాడుతోందట."

"మరెలా? చెప్పండి స్వామీ, ఏదో ఒక దారి చెప్పండి. మీ మఠానికి చేయిస్తానన్న కంచుగంట గురువారమే దించుతాను. నా కొడుకుని కోటలోంచి గెంటించేలా ఉన్నాను నేనే!"

"ఒక్కటే దారి. ఆ గీత అబద్ధమని మీరే ఒప్పుకోవాలి. నేను బొసోన్ వంశందాన్ని కాను అని."

"అనేస్తాను. అదెంత?"

"మరి ఎవరి మనవరాలివమ్మా అని అడుగుతారు."

"ఎవరో ఒకరు. మనుషులకి తాతలుండరా?"

"పేరు కావాలి."

"పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"మీరు. మీ ముఖం చూస్తే తెలుస్తోంది."

"...తలుపు వేసే ఉందా?"

"వేసే ఉంది."

"పాపసంకీర్తన కింద, దేవుడి ముందు తప్పు ఒప్పుకున్నట్టు వింటారా? బయటికి పొక్కకూడదు."

"పాపసంకీర్తన వినేటప్పుడు వేసుకునే పట్టీ మెడలో వేసుకున్నాను. చెప్పండి."

"ఆవాలు."

"ఏమిటి?"

"మా ముత్తాత ఆవాలు నూరి అమ్మేవాడు స్వామీ! బోన్ సంతలో, వీపున జాడీ కట్టుకుని! ఒంటిచెవి పెరాన్ అనేవాళ్లు. ఒకనాడు ఎవరో దొరకి రొమ్ము పట్టేసి పోతున్నాడంటే ఛాతీకి ఆవపట్టు వేసి బతికించాడు. దొర ఇంత పొలం ఇచ్చాడు. కొడుకు గుర్రమెక్కాడు, మనవడు కత్తి కట్టాడు. ఆ మనవడు మా నాన్న. నేను కోట ఎక్కాను. చాలా?"

"దీన్లో పాపమేముంది?"

"మీకేం తెలుసు! పేరు గొప్ప ఊరు దిబ్బ అని మా అత్తగారు రోజూ నన్ను అనేది. పెరాన్ పేరు విని ఉంటే నన్ను వంటింట్లోనే పాతిపెట్టేది. ఇరవయ్యారేళ్లు భయంతో చచ్చాను స్వామీ. ముద్ద నూరేటప్పుడు కూడా తలుపేసుకునే నూరాను."

"మరి నూరడం ఎందుకు మానలేదు?"

"...మా నాన్నకి ఇష్టం. సరే, వినండి. బిషప్ గారికి ఒక్కరికే చెవిలో చెబుతా. నా గీత పోతుంది, మబీల్ గీత ఉంటుంది. ఎవరది? తలుపెవరు కొడుతున్నారు?"

"రండమ్మా మబీల్."

"రమ్మంటారేంటి స్వామీ!"

"నమస్కారం అత్తయ్యగారూ. స్వామివారికి రొట్టే ఆవముద్దా తెచ్చాను. ఉపవాసాలు చేసి చేసి ఎండిపోయారు."

"ఎంతసేపైంది వచ్చి? ఏం విన్నావు?"

"ఏం వినలేదు. వినక్కర్లేదు కూడా. గురువారం నన్ను పంపించేస్తున్నారని వంటవాళ్ల నుంచి గుర్రాలవాళ్ల దాకా అందరికీ తెలుసు. గోదెఫ్రా తాత తాగి నాకే చెప్పాడు. నువ్వు ఫరో కూతురివట కదమ్మా అని ఏడ్చాడు కూడా."

"ముసలి వెధవ."

"అత్తయ్యగారూ, మా అమ్మమ్మ తల్లి బొసోన్ కూతురు కాదు."

"నీకెలా తెలుసు? ఆ సున్న ఖాళీ."

"ఖాళీ కాదు. మేమే చెప్పుకోం. స్వామివారికి పొద్దున చెప్పాను."

"పొద్దున వచ్చింది చలి అన్నారు కదా స్వామీ!"

"పాపసంకీర్తన దొరసానీ. ఇద్దరివీ నా కడుపులోనే ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఒకటే అజీర్తి."

"అయితే ఎవరే ఆవిడ? ఎవరి కూతురు?"

"రొట్టె ముక్క తీసుకోండి. ముద్ద అద్దుకుని తినండి."

"నాకొద్దు."

"తినండి అత్తయ్యగారూ."

"...ఇది నాదే. నా ముద్దే. దొంగతనంగా చూసి..."

"మీ తలుపుకి సందు లేదు. నేను వెతికాను కూడా. ఇది మా అమ్మమ్మది. ఆవిడకి వాళ్లమ్మ నేర్పింది. వాళ్లమ్మకి వాళ్ల నాన్న నేర్పాడు. బోన్ సంతలో జాడీ మోసేవాడట. ఒక చెవి లేదట."

"కూతురుందని ఎవరూ చెప్పలేదే నాకు."

"కొడుకు గుర్రమెక్కాక చెల్లెలి గురించి ఎవరు చెప్పుకుంటారు?"

"ఒడ్రిక్ స్వామీ, లెక్క... లెక్క చూడండి."

"ఇద్దరు కలిసి చేసే పాపసంకీర్తన నేనెక్కడా చదవలేదమ్మా."

"ఇప్పుడు చదివారు. చూడండి!"

"తల దగ్గర పెరాన్. అటు కొడుకు భుజం, మనవడు మోచెయ్యి, మీరు మణికట్టు, అన్సో బాబు మొదటి కణుపు. ఇటు కూతురు భుజం, అమ్మమ్మ మోచెయ్యి, అమ్మ మణికట్టు, మబీల్ మొదటి కణుపు. ఒకే కణుపు."

"అంటే చుట్టరికం... ఉంది."

"నిజంగానే ఉంది. రోత్రూ దొరగారికి పెరాన్‌తో సంబంధం లేదు కాబట్టి మీ పెళ్లికి ఢోకా లేదు. బొసోన్‌ని లేపక్కర్లేదు, ముసలాళ్లకి సారా పోయక్కర్లేదు."

"వెళ్లమంటే వెళతాను అత్తయ్యగారూ. గురువారం మీరు సభలో నిలబడి పెరాన్ పేరు చెప్పండి. పక్కనే నిలబడి నేనూ చెబుతాను. బిషప్ గారు రెండు నిమిషాల్లో తెంపేస్తారు."

"సభలోనా? అందరి ముందా?"

"నాలుగూళ్లవాళ్ల ముందు. ఈవో మామయ్యగారి ముందు."

"ఆవాలవాడి మనవరాల్నని."

"ముని మనవరాలినని."

"...ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"పెళ్లైన మూడోనాడు మీ ముద్ద తిన్నప్పట్నుంచి."

"అయిదేళ్లా! నోరు విప్పలేదేం? నేను నిన్ను ఎన్ని మాటలన్నాను. ఒక్కసారి పెరాన్ అని ఉంటే నేను గప్‌చుప్ అయ్యేదాన్ని కదా."

"విప్పితే పెళ్లి చెల్లదు, మీ అబ్బాయి నాకు దక్కరు. ఆయన లేకుండా నేను ఉండలేను అత్తయ్యగారూ, అందుకు చెప్పలేదు. ఇంకోటీ ఉంది. కొత్తింట్లో ఎవరూ తెలీక బిక్కుబిక్కుమంటుంటే మీ ముద్దలో మా అమ్మమ్మ కనబడింది. మీరు నన్ను తిట్టినప్పుడు కూడా మా ఇంటి మనిషే తిడుతోందనిపించేది. వెళ్లమంటారా?"

"నోర్ముయ్. ఒడ్రిక్ స్వామీ!"

"దొరసానీ."

"బిషప్ గారికి కబురు పంపండి. పెద్ద దొరసానికి రొమ్ము పట్టేసింది, గురువారం సభ లేదని."

"ఎప్పటికి తగ్గుతుందని రాయను?"

"నేను పోయేదాకా తగ్గదని రాయండి."

"మరి మార్సీ అడవి?"

"మా అడవిలో కట్టెలు మాకు చాలు."

"ఈ ఖాళీ సున్నని ఏం చెయ్యను?"

"ఖాళీగానే ఉంచండి. ఏమే మబీల్, ఏంటా చూపు? ముక్కు తుడుచుకో. రొమ్ము పట్టేసిందని చెప్పాక పట్టు వేసుకోకపోతే జనం నమ్మరు. పద, వంటింట్లో ఆవాలు తియ్యి."

"తలుపు వెయ్యనా అత్తయ్యగారూ?"

"వద్దు, తీసే ఉంచు. ముద్ద వరకే నేర్పాడు మా నాన్న. పెరాన్ తాత వేసిన పట్టు మాత్రం, నువ్వు దొరసానివి కావాలే, నీకెందుకని నేర్పలేదు. నీకు మీ అమ్మమ్మ నేర్పే ఉంటుంది, నువ్వు నేర్పవే."