శివరంజనమ్మ ఇచ్చిన పసుపుపచ్చ పొడి

సభకు పెద్దగా కూర్చున్న డాక్టర్ పాండియన్ గారికి, ఈ తమిళనాటి ధర్మపురిలో ఇంకా ఇంటి తెలుగును వదలని పెద్దలకు, నాలాగే బరువు తగ్గడానికి కడుపు కోయించుకుని చొక్కాలు వదులైన మిత్రులకు (నవ్వులు), ఇవాళ ఆస్పత్రి కొలువు ముగిస్తున్న మన డైటీషియన్ శివరంజనమ్మకు, ఇండూరు సీనప్ప నమస్కారాలు.

నాలుగేళ్ల కింద నేను నూట ముప్పై కిలోలు. ఆపరేషన్ అయ్యాక నాలుగు చెంచాలు తింటే కడుపు నిండేది, ఆ నాలుగూ నోటికి సహించేవి కావు, ప్రోటీన్ పాలు చూస్తేనే వాంతి వచ్చేది. అప్పుడు శివరంజనమ్మ ఒక పసుపుపచ్చ పొడి డబ్బా ఇచ్చి, ఇది తినే ఈస్ట్, పప్పు మీద చెంచాడు చల్లుకో, రుచీ వస్తుంది, కాస్త ప్రోటీనూ అందుతుంది అన్నారు. ఈస్ట్ అనగానే నా భార్య పాపక్క, అదిగో మూడో వరుసలో తల దించుకుంది, దాన్ని రాగి అంబలిలో కలిపి పులియబెట్టింది! వారం తర్వాత ఆస్పత్రికొచ్చి పోట్లాడింది కూడా.

“ఏమ్మా, రెండు దినాలు పెట్టినా అంబలి పొంగేదే లేదు. చచ్చిపోయిన ఈస్ట్ ఇచ్చినావా?”

“చచ్చిందే పాపక్కా, అందుకే ఇచ్చినాను. ఇది చల్లుకునేదానికి, పులియబెట్టేదానికి కాదు.” (నవ్వులు)

పాపక్కది అమాయకత్వం. నాది అలాంటిది కాదు. మన ఇళ్లలో నాటు వైద్యానికి ఒక పద్ధతి ఉంది కదా: మండలం పాటు పత్యం ఉంటే ఇక మందు ముట్టక్కర్లేదు. ఆ పొడే నా పత్యం అనుకుని, మండలం నలభై ఎనిమిది రోజులూ తిని, విటమిన్ మాత్రలన్నీ ఆపేశాను. ఆస్పత్రికి వచ్చినప్పుడల్లా “వేసుకుంటా ఉండానమ్మా” అనేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి పాదాలు మొద్దుబారాయి. చేనుగట్టు మీద చెప్పు జారిపోయినా తెలియలేదు. రక్తం చూస్తే బి12 అడుగంటింది.

పాండియన్ గారూ, ఆ రోజు మీరు నర్సులందరి ముందూ అమ్మను అడిగారు, పొడి ఇచ్చి మాత్రల సంగతి చెప్పలేదా అని. అమ్మ నావైపు చూశారు. నేను నేల చూశాను. “ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది సార్” అన్నారు. మీరు చాలా మాటలన్నారు. ఆమె వెంటనే నాకు బి12 సూదులు వేయించారు, నా కాళ్లు బాగుపడ్డాయి, ఇవాళ ఈ మెట్లు నేనే ఎక్కాను. కానీ ఆ మాటలు ఆమె పేరు మీదే ఉండిపోయాయి.

ఆమె నాకు రెండుసార్లు చెప్పారు సార్. రెండోసారి డబ్బా తిప్పి చూపించారు. “చూడు సీనప్పా, దీంట్లో బి12 కలిపింది లేదు. కలిపిన రకం తిన్నా మాత్ర మానేది లేదు” అన్నారు. నేను సరే అన్నాను. వినీ మానేశాను, మీ ఎదుట నోరు మూసుకున్నాను. సిగ్గుపడి మూడేళ్లు దాచాను. అమ్మకు శాలువా కప్పే ముందు ఈ మాట మీ చెవిన పడాలనే ఇవాళ మైకు అడిగి తీసుకున్నాను.

విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, తప్పు నాది. సెలవు.