నలభై ఇళ్ళ సర్వే

కాలేజీలో బిజినెస్ ఐడియాల పోటీ ఆఖరి రౌండు. హాలు బయట మెట్ల మీద, తాము తయారుచేసిన నీళ్ళు వడగట్టే సీసాను మధ్యలో పెట్టుకుని ఇద్దరమ్మాయిలు ఫలితం కోసం కూర్చున్నారు.

"ఏంటే, అలా దిగులుగా కూర్చున్నావు? జడ్జీలకి మన సీసా తెగ నచ్చేసిందిగా!"

"సర్వే కాగితంలో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి అడుగుతారట."

"అడగనీ. నలభై ఇళ్ళు తిరిగావుగా?"

"ఈ సీసా మూత వదులైనట్టుంది, ఉండు బిగిస్తాను."

"తిరిగావా, లేదా?"

"నాలుగిళ్ళు తిరిగాను. ఎవరూ సీసా తీసుకోలేదు. పేర్లన్నీ హాస్టల్లో కూర్చుని నేనే రాసేశాను."

"ఓరి దేవుడో! మరి నంబర్లు?"

"మా పిన్నిది, మామయ్యది, తెలిసినవాళ్ళవి. చివర్లో ఎవరూ దొరక్క నీ రెండో నంబరు కూడా వేశాను."

"నా కొంప ముంచావు కదే! నెల్లాళ్ళు తాగారు, ఒక్కరికీ కడుపునొప్పి రాలేదని స్టేజీ మీద గొంతు చించుకుంది నేను!"

"తిట్టకే. ఓడిపోతామని కాదు, గెలుస్తామనే నా భయం."

"గెలిస్తే ఏమవుతుంది?"

"వచ్చేవారం నుంచి పక్క బడి పిల్లలందరికీ మన సీసాలే పంచుతారట."

"పక్క బడా? మా చెల్లి అక్కడేగా చదివేది."

"తెలుసు. అందుకే నోరు విప్పాను."

స్టేజీ మీద మాట్లాడిన అమ్మాయి సంచీలో రెండో నంబరు ఫోన్ మోగింది.

"జడ్జీలే! ఎత్తకే!"

"హలో... అవునండీ, ఆ నంబరు నాదే... నీళ్ళెలా ఉన్నాయా? తెలీదండీ. ఇంతవరకు ఎవరూ తాగలేదు. తయారుచేసిన మేమిద్దరం కూడా."