గాజు పడవ

గాజు పనికి పేరుమోసిన మురానో దీవిలోని మ్యూజియంలో గాజు ప్రదర్శనకు తలుపులు తెరిచే వేళైంది. హాలు మధ్యలో తాళ్ళకు వేలాడుతున్న పెద్ద గాజు పడవ కింద అక్కాతమ్ముళ్ళు నిలబడ్డారు. ఇద్దరూ గాజు ఊదేవాళ్ళే. పడవ మాత్రం అక్క చేసింది.

"దాన్ని దించెయ్యక్కా."

"ఎందుకు? నువ్వు ఏళ్ళ తరబడి ఈ మ్యూజియం గుమ్మం తొక్కినా దొరకని చోటు నాకు దొరికిందని కడుపుమంటా?"

"అది పగులుతుంది. బయట బడిపిల్లలు వరసకట్టి ఉన్నారు."

"నా గాజు పగలదు. మెల్లగా చల్లార్చే కొలిమిలో వారమంతా ఉంచాను. ఒక్కసారి కూడా తలుపు తియ్యలేదు."

"నువ్వు తియ్యలేదు."

ఆమె గిరుక్కున తిరిగింది.

"ఏమన్నావు?"



"నువ్వు అత్త ఇంటికెళ్ళిన రోజు నేను తీశాను. గాజింకా వేడిగానే ఉంది. చల్లగాలి కొట్టింది. ఇక ఎప్పుడైనా పగలొచ్చు."

"చిన్నప్పుడు ఆ తలుపు ముట్టుకున్నందుకే నాన్న నీ చెయ్యి వాచేలా కొట్టాడు. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"మరెందుకు తీశావురా?"

"నాకంటే బాగా చేశావేమోనని చూద్దామని."

ఆమె అతన్ని కొడుతుందనుకున్నాడు. కొట్టలేదు.

"ఎర్మానో! తలుపులు తియ్యకు! పిల్లల్ని అక్కడే ఆపు!" అని కాపలావాడికి కేకేసి, గోడకు కట్టిన తాడు ముడి విప్పసాగింది. అతను రెండో తాడు అందుకున్నాడు. పడవ మెల్లగా కిందికి దిగుతోంది. ఆమె దాని మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"ఎలా ఉంది?"

"ఏంటి?"

"తలుపు తీసి చూశావుగా. చెప్పి చావు."

"చూస్తూ చూస్తూ మళ్ళీ తలుపు వెయ్యడమే మర్చిపోయానక్కా."